రైలు బల్ల కింద ఉమ్మె హాని

మెదక్‌లో పెళ్ళి పందిరికి లైట్లు కట్టించాలంటే మోహసిన్‌ను పిలవమంటారు. ఆ మోహసిన్ నేనే. నిచ్చెనెక్కేది నేను, బేరమాడేది నేను, పెళ్ళి ఫొటోల్లో పడేదీ నేనే. అయితే ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలో, ఏ లైను ఎన్ని బల్బులు మోస్తుందో చూసేది నా భార్య ఉమ్మె హాని. ఈ సంగతి మా గల్లీకి తెలుసు, ఊరికి తెలియదు. తెలియకపోతే ఏం పోయిందిలే అనుకునేవాణ్ణి. ఆమె అలా అనుకోవడం లేదని మొన్న క్రిస్మస్ వారంలో తెలిసింది.

రిచర్డ్ సార్ రిటైరైన డ్రాయింగ్ మాస్టరు. మా ఊరికి రైలు వచ్చినప్పటి నుంచి ఆయనకు రైలు పిచ్చి పట్టుకుంది. ఇంటి ముందుగదిలో ఇంకేమీ పట్టకుండా పెద్ద బల్ల వేసి, దాని మీద అక్కన్నపేట నుంచి మెదక్ దాకా బొమ్మ లైను కట్టాడు. వరి మళ్ళు, శమ్నాపూర్ స్టేషను, చర్చి గోపురం, అన్నీ ఆయన చేతిపనే. బొమ్మ రైలు తిరిగి మొదటికి రావాలి కాబట్టి లైను గుండ్రంగా వేశాడు. పండుగకు చర్చి చూడటానికి వచ్చే జనం తన రైలును కూడా చూసిపోవాలని ఆయన ఆశ. కానీ రైలే మొండికేసింది.

"మోహసిన్ భాయ్, జర చూడరాదు. డబ్బా కాడ మస్తు ఉరుకుతది. గా అవతలి వంపుకు పోంగనే పానం పోయినట్టు ఆగుతది," అన్నాడు సార్, ఇంజన్ని వేలితో నెడుతూ. డబ్బా అంటే రైలుకు కరెంటిచ్చే కంట్రోలు పెట్టె.

నేను ఉమ్మె హానిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమె డబ్బా దగ్గర ఒకసారి, అవతలి వంపు దగ్గర ఒకసారి పట్టాల మీద మీటరు ముళ్ళు ఆనించి చూసింది.

"సార్, పట్టాలు ముక్కలు ముక్కలున్నయి. ముక్కకు ముక్కకు నడుమ గీ చిన్న క్లిప్పుల్లకెళ్ళే కరెంటు పోవాలె. క్లిప్పు క్లిప్పుకు జరంత తగ్గుతది. ఆఖరుకు ఏం మిగుల్తది? మేం పందిరికి ఒక్క కొసకెళ్ళే కరెంటు ఇయ్యం. పొడుగూత లావు వైరు గుంజి, కమాను కమానుకు ఒక కనెక్షన్ ఇస్తం. గీడ గూడ గంతే. బల్ల కింద రెండు లావు వైర్లు గుంజి, జాగ జాగకు పైన పట్టాలకు కలుపుదాం."

అక్కడే ఉన్న గిడియోన్ గారికి ఇది నచ్చలేదు. ఆయన చర్చి కమిటీ పెద్ద. "పందిరి వేరు, రైలు వేరు. హైదరాబాద్‌కెళ్ళి తెల్సినోన్ని పిలుస్తె పోతది గద," అన్నాడు. అని, ఆమె వైపు చూడకుండా నన్ను అడిగాడు. "నువ్వు చేస్తవా మోహసిన్?"

"చేస్త సార్," అన్నాను రొమ్ము విరుచుకుని. ఉమ్మె హాని నా వైపు ఒక చూపు చూసింది. నేను పట్టించుకోలేదు.

ఆ తరువాత ఆమె బల్ల కింద వెల్లకిలా పడుకుని పని చేసింది. నా వంతు టార్చి పట్టడం, చాయ్ తేవడం. బల్లకు సన్నటి చిల్లులు పెట్టి, ఒక్కో చోట రెండేసి తీగలు పైకి తీసి, పట్టాల పక్కన టంకం పెట్టి, కింది కొసలను లావు వైర్లకు స్క్రూలతో బిగించింది. టంకం చుక్క బియ్యపు గింజను మించలేదు. నేను పెట్టి ఉంటే సార్ వరి మళ్ళు కాలిపోయేవి. గడ్డిలో కనిపించకుండా ఉంటాయని తీగలన్నీ మా సీరియల్ లైట్ల సెట్లలోని పచ్చవే వాడింది.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. బల్బులన్నీ దుకాణంలోనే పరీక్షించి తీసుకుపోతాం. పందిరికి కట్టాక మొదటి స్విచ్ మాత్రం ఇంటి పెద్ద చేత్తోనే వేయిస్తాం. అంతకుముందు ఎవరూ వేయకూడదు. ఉమ్మె హాని ఇక్కడా అదే పాటించింది. రిచర్డ్ సార్ చేతితోనే మొదలు కావాలంది.

పండుగ రోజు గది కిక్కిరిసింది. గిడియోన్ గారు కొత్త సూటులో ముందు వరసలో నిలబడ్డాడు. సార్ ప్రార్థన చేసి డబ్బా స్విచ్ వేశాడు. రైలు కదల్లేదు. డబ్బా మీద, షార్ట్ సర్క్యూట్ అయితే వెలిగే ఎర్ర లైటు వెలిగింది.

"నేను చెప్పలే?" అన్నాడు గిడియోన్ గారు నాతో.

ఉమ్మె హాని మొహం చిన్నబోయింది. ఆమె మీదకు మాట రాకూడదని గబగబా అనేశాను. "తప్పు నాదే సార్. నేనే యాడనో వైరు తప్పుగ పెట్టిన."

"ఆయన ముట్టనే ముట్టలే సార్," అంది ఉమ్మె హాని. గదంతా వినిపించేలా అంది. "తీగ తీగ నేనే ఏసిన. గిప్పుడు తప్పు ఆయన పేరు మీద పోతే, రైలు నడిచినంక పని గూడ ఆయన పేరు మీదనే పోతది. తప్పు నాది. పని గూడ నాదే."

నాకు ముందు తలకొట్టేసినట్టయింది. మరుక్షణమే, ఇంత మందిలో తప్పును గుంజి తన ముందు వేసుకున్న ఈ మనిషి నా ఇంటిదని ఒళ్ళంతా గర్వం పాకింది.

ఆమె అప్పటికే బల్ల కిందికి దూరింది. కిందినుంచే సార్‌కు చెప్పింది. "బల్బుకు ఏ తీగ ఎటు కలిపినా ఎలుగుతది. మాకు గదే అలవాటు. పట్టాలకు గట్ల గాదు. లోపలి పట్టా లోపలి వైరుకే, బయటిది బయటి వైరుకే కలవాలె. అన్ని పచ్చవే తెచ్చిన, యాడనో తారుమారైంది. ఒక్కొక్క జాగల ఇప్పుతుంట, ఎర్ర లైటు పోంగనే చెప్పుండ్రి."

ఒక చోట విప్పింది. లైటు పోలేదు. ఇంకో చోట, మరో చోట. జనం డబ్బా వైపే చూస్తున్నారు. శమ్నాపూర్ స్టేషను వెనకది విప్పగానే ఎర్ర లైటు ఆరిపోయింది. "పోయింది, పోయింది!" అని సార్ చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు.

ఆమె తొందరపడలేదు. ఆ జతను అటుదిటు మార్చి కలిపింది. విప్పినవన్నీ మళ్ళీ బిగించి, బయటి పట్టా తీగలన్నిటికీ ఎర్ర టేపు చుట్టింది. ఒక్కోదాన్నీ మీటరుతో చూసుకుంది. అంతసేపూ ఒక్కరూ గది విడిచి పోలేదు. అప్పుడు "ఇగ ఎయ్యుండ్రి సార్," అంది.

రైలు కదిలింది. వరి మళ్ళు దాటి, శమ్నాపూర్ దాటి, ఏనాడూ దాటని అవతలి వంపులోకి పోయింది. అక్కడా అదే వేగం. సార్ అలవాటుగా వేలు చాపి, నెట్టే అవసరం లేక ఆ వేలితోనే కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లకు చర్చి గోపురం బొమ్మ ఊగింది.

గిడియోన్ గారు నా దగ్గరికి జరిగాడు. "అన్ని జాగలకెళ్ళి కరెంటు ఎట్ల ఇచ్చిండ్రు భాయ్? జర సమజయ్యేటట్టు చెప్పు."

నాకు జవాబు తెలుసు. అరగంట ఊదరగొట్టగలను కూడా. కానీ నోరు మూసుకుని, బల్ల కింద సామాను సర్దుకుంటున్న ఉమ్మె హాని వైపు చెయ్యి చూపించాను.

ఆయన కొత్త సూటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి బల్ల కిందికి దూరాడు. "అమ్మా, జర చెప్తవా?" అనడం వినిపించింది.

ఆమె టార్చి వేసి మొదటి తీగ నుంచి చెప్పడం మొదలుపెట్టింది.