ఆయన వంతు ఉప్పు

రేవు చెక్కల మీద వెరోనా బోర్లా పడింది. తల మీది అరటి గెల దొర్లుకుంటూ ఓడ అంచు దాకా పోయింది. వెనక గెలలు మోస్తున్న ఆడవాళ్లమంతా ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

బుషా హాల్డేన్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు. బుషా అంటే కంపెనీ తరఫున మా మీద పెత్తనం చేసే తెల్లవాడు. వెరోనా కడుపుతో ఉందని అతనికి తెలుసు. రేవులో అది తెలియనివాళ్లు లేరు.

"ముందు గెల ఎత్తండి! దెబ్బ తగిలిన కాయ ఎవడు కొంటాడు?"

గెల ఎత్తారు. గుడ్డతో దుమ్ము కూడా తుడిచారు. ఆ తర్వాత వెరోనాను చేతులు పట్టి పక్కకు లాగారు. వరస మళ్లీ కదిలింది. సాయంత్రానికి కడుపులో బిడ్డ పోయింది.

రేవులో మోసే పిల్లలారా, బడిలో చదివే పిల్లలారా, అబెద్నెగో ప్రాట్ అంటే మీకు కూలీల సంఘం గోడ మీది బొమ్మ. ఛాతీ నిండా బిళ్లలు, నెత్తిన ఈకల టోపీ. మాకు తెలిసిన ప్రాట్ అన్నకు ఒక్కటే నల్లకోటు, మోచేతుల దగ్గర మాసికలు. పనామాలో కాలువ తవ్వి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చాడు. ఆదివారం సంత మైదానంలో పీపా ఎక్కి మాట్లాడేవాడు. "మనం ఎవడి దయ మీదా బతికే జాతి కాదు. సముద్రం అవతల మనకొక నేల ఉంది. అది మనల్ని మరిచిపోలేదు" అనేవాడు. ఆ మాటలు వింటుంటే వంగిన మెడలు వాటంతట అవే లేచేవి.

ఆ మాటల్లోంచే మా పొరపాటు పుట్టింది.

మాలో పెద్దది జిల్ఫమ్మ. వాళ్ల అమ్మమ్మను ఆ నేల నుంచే బానిసగా, గొలుసులతో ఓడలో తెచ్చారు. ఆమె చెప్పేదట: మొదట వచ్చినవాళ్లలో ఉప్పు ముట్టనివాళ్లు తేలికై, చెరకు తోటల్లోంచి గాల్లోకి లేచి సొంత నేలకు ఎగిరిపోయారని. ఉప్పు తిన్నవాళ్లు బరువెక్కి ఇక్కడే ఉండిపోయారని. మా దీవిలో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు లేరు. ప్రాట్ అన్న నేల పిలుస్తోందనగానే జిల్ఫమ్మ మా చెవుల్లో వేసింది: "ఇక ఉప్పు మానండే. తయారుగా ఉండండి."

మానేశాం. ఉప్పుచేప కుక్కలకు వేశాం. పచ్చి అరటికాయలు ఉత్తి నీళ్లలో ఉడికించుకుని తిని, ఆ ఎండలో, ఆ చెమటలో గెలలు మోశాం. ఒంట్లో ఉప్పంతా చెమటై కారిపోయింది. ఒకళ్లకు కళ్లు తిరిగేవి, ఒకళ్లకు కాళ్లు కొంకర్లు పోయేవి. తేలికవుతున్నాం అనుకున్నాం.

వెరోనా పడ్డాక ఈ సంగతి తెలిసి, ప్రాట్ అన్న జిల్ఫమ్మ వాకిట్లోకి పరుగున వచ్చాడు. అందరం అక్కడే ఉన్నాం. వెరోనా చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఉప్పు మానమని నేనెప్పుడు చెప్పాను?" అన్నాడు.

"నేను చెప్పాను" అంది జిల్ఫమ్మ. "నువ్వు దారి చూపించావు, ఎలా పోవాలో నేను చెప్పాను."

"అయితే ఆ బిడ్డను తిన్నది నా మాటే."

"నీ మాట కాదు నాయనా, నాది."

వెరోనా ఇటు తిరిగింది. "మీరిద్దరూ తప్పు పంచుకోవడం ఆపండి. గెల ముందు ఎత్తమన్నది మీరా?"

ప్రాట్ అన్న పొరుగింటికి పోయి ఉప్పుచేప ముక్క అడిగి తెచ్చి, మా అందరి ముందు నిలబడి నమిలి మింగాడు.

మాలో హల్దా నోరు ఊరుకోదు కదా. "సొంత నేలకు తీసుకుపోతాడని చూస్తుంటే చేప తింటున్నాడు! ఏం నాయకుడమ్మా! మరి ఆ నేల సంగతేంటన్నా?"

"ఉంది హల్దా. నా కళ్లు మూతపడేదాకా ఉందనే చెబుతాను. కానీ నేను ఎగరను. ఈ రేవులో ఒక్క ఆడది మిగిలినా కదలను. తినండి. బరువుగా ఉండండి. వాళ్లు కదిలించలేనంత బరువుగా ఉండండి." వెరోనా వైపు చూసి అన్నాడు: "రేపటి నుంచి ఒకళ్లు పడితే అందరూ గెలలు దించాలి. ముందు మనిషి. తర్వాతే గెల."

"దించితే పోలీసులు రారా?" అన్నాను.

"వస్తారు ఐయోనీ. ముందు నాకోసమే వస్తారు."

అన్నట్టే జరిగింది. మరుసటి ఓడకు ఒక ముసలామె తూలి పడితే వరసంతా గెలలు దించింది. బుషా గొంతు చించుకుని అరిచాడు. మేం ముసలామెకు నీళ్లు తాగించి, లేపి కూర్చోబెట్టాకే మళ్లీ తలకెత్తుకున్నాం. ఆ వారమే రాజద్రోహం అని ప్రాట్ అన్నను పట్టుకుపోయారు. వానలు మొదలయ్యేసరికి జైల్లో జ్వరంతో పోయాడన్నారు. శవం అడిగితే ఇవ్వలేదు. జైలు గోడల లోపలే పూడ్చేశారు.

మా దగ్గర పోయినవాళ్లకు తొమ్మిదో రోజు బల్ల వేస్తాం. తెల్లగుడ్డ పరిచి, అన్నం, కోడికూర, రమ్ము పెడతాం. అందులో ఉప్పు వెయ్యం, ఆత్మ తేలిగ్గా పోవాలని. నా పెనిమిటి పోయినప్పుడు నేనూ అలాగే పెట్టాను. ఆ బల్ల ఎత్తేదాకా బతికున్నవాళ్లెవరూ దాన్ని దాటరు, జరపరు.

ప్రాట్ అన్న పోయిన తొమ్మిదో రోజున రేవుకు ఓడ వచ్చింది. ఎవరూ సెలవు అడగొద్దని బుషా కబురు పంపాడు.

సెలవు అడగలేదు. పొద్దున్నే బల్లను రేవుకే మోసుకెళ్లి, ఓడకు పోయే చెక్కల దారికి అడ్డంగా వేశాం. అన్నం వడ్డించాక జిల్ఫమ్మ కొంగుముడి విప్పి గుప్పెడు ఉప్పు తీసింది.

"అత్తా, పోయినవాళ్ల కూట్లోనా!" అంది హల్దా.

"వాడు పోనన్నాడుగా" అంది జిల్ఫమ్మ, అన్నం మీద ఉప్పు చల్లుతూ.

తలల మీద చుట్టకుదుళ్లు, వాటి మీద గెలలు. బల్ల ముందు వరసగా నిలబడ్డాం. బుషా బల్ల తీసెయ్యమన్నాడు. ఎవరూ కదలలేదు. పోలీసులు వచ్చారు. వాళ్లూ మా రంగువాళ్లే, మా దీవి పిల్లలే. బల్ల దగ్గరకొచ్చి ఆగారు. ఒకడు టోపీ తీశాడు.

"నీకూ అమ్మ ఉంది కదరా" అంది జిల్ఫమ్మ. "పోతే ఆమెకూ ఇదే బల్ల."

అప్పుడు తెల్ల ఇనస్పెక్టరు వాళ్లను తోసుకుని వచ్చి బల్లను బూటుతో తన్నాడు. పళ్లేలు పగిలాయి. బల్ల అంచు తగిలి జిల్ఫమ్మ వెనక్కి పడింది. తల చెక్కలకు కొట్టుకుంది.

వెరోనా తన గెల దించింది. నేను దించాను. నా వెనక హల్దా. వరసంతా, రేవు గేటు దాకా, గెలల చప్పుడు ఉరిమినట్టు సాగింది. అందరం జిల్ఫమ్మ దగ్గరకు వెళ్లాం. ముందు మనిషిని ఎత్తాం.

ఊపిరి ఉంది. కళ్లు తెరిచి, "ఎవరైనా దాటారా?" అంది.

"లేదత్తా" అన్నాను.

ఆమెను ఆసుపత్రికి పోనివ్వలేదు. ముందు వరసలో పట్టుకున్న మాతోపాటే పోలీసు బండెక్కించి లాకప్పులో వేశారు. తెల్లారేసరికి నా ఒళ్లోనే పోయింది.

మిగిలినవాళ్లు రేవు వదల్లేదు. మగవాళ్లు వచ్చి కూర్చున్నారు, పక్క రేవు నుంచి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. చెదిరిన ఉప్పన్నం మధ్య దారికి అడ్డంగా ఇంకో బల్ల వేశారు, తొమ్మిదో రోజు దాకా ఆగకుండానే, జిల్ఫమ్మకు. ఓడ కూత మీద కూత వేసింది. ఒక్కరూ లేవలేదు. ఎండలో పడున్న పచ్చి గెలలు ఓడకు పనికిరాకుండా పసుపు తిరగడం మొదలుపెట్టాయి.