సొరుగు అడుగు చెక్క

పాత చెక్క సామాను ఏ ప్రాంతానిదో చెప్పడంలో మసాచుసెట్స్ మొత్తానికి నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట. ముందువైపు నగిషీ చూసి మురిసిపోయేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పైకి కనిపించే ఖరీదైన మహాగని చెక్క ఓడలో ఎక్కణ్ణుంచైనా వస్తుంది. కంటికి కనబడని చోట మాత్రం వడ్రంగి తన ఊళ్లో చవగ్గా దొరికే చెక్కే వేస్తాడు. అందుకే నేను సొరుగు లాగి అడుగు చూస్తాను. తెల్ల పైన్ అయితే చాలావరకు మా బోస్టన్ వైపుది. ఆకుపచ్చ ఛాయ ఉన్న పోప్లర్ అయితే పెన్సిల్వేనియా వైపుది.

ఇలా ఎన్ని కుటుంబాల గొప్పలు నేలకు దించానో నాకే గుర్తులేదు. మా ఇంటి సొరుగుల బీరువా అడుగు మాత్రం ఎప్పుడూ చూడలేదు. మా ముత్తవ్వ తల్లి పెళ్లికి బోస్టన్‌లో చేయించారని అమ్మ చెప్పింది. అమ్మ మాటకు పరీక్షేమిటి?

రూబెన్ హాల్డమన్‌ది పెన్సిల్వేనియాలోని లాంకస్టర్. నాలాగే పాత సామాను వ్యాపారి, భార్య పోయినవాడు. ముప్పై ఏళ్లుగా వేలంపాటల్లో ఇద్దరం పోట్లాడుకుంటున్నాం. చెక్క విషయంలో ఆయన నోట అబద్ధం రాదు. సొంత చెల్లెలి పెళ్లివిందులో, పెళ్లికొడుకు తండ్రి గర్వంగా చూపించిన కుర్చీని తిరగేసి, ఇది నకిలీదని అందరి ముందూ చెప్పిన మనిషి. తనను పెళ్లి చేసుకుని లాంకస్టర్ రమ్మని రెండేళ్లుగా అడుగుతున్నాడు. నాకూ ఇష్టమే. కానీ మా బోస్టన్ లోథ్రాప్‌ల ఇంటి ఆడపిల్ల పోయి పోయి పెన్సిల్వేనియాలో కాపురం పెట్టడమా అని నా బెట్టు.

ఆగస్టులో ఒక ఆదివారం భోజనానికి వచ్చాడు.

"బల్ల మీద పరిచే గుడ్డేదీ, ప్రూడెన్స్?"

"కింది సొరుగులో ఉంది. మెల్లగా లాగు, చెమ్మకు బిగుసుకుంది."

ఈయనకు మెల్లగా అంటే తెలిస్తే కదా! సొరుగు ఊడొచ్చి, గుడ్డలన్నీ కుమ్మరించి, బోర్లా పడింది. ఇద్దరం వంగి చూశాం. అడుగు చెక్కలో ఆకుపచ్చ ఛాయ స్పష్టంగా ఉంది.

"ఏం చెక్కది?" అన్నాను.

రూబెన్ సొరుగును వదిలేసి నా ముఖంలోకి చూశాడు. "పైన్" అన్నాడు.

"సరిగ్గా చూడవయ్యా!"

"చూశాలే. తెల్ల పైన్. బోస్టన్‌దే. మీ అమ్మగారు చెప్పింది నిజమే." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పద, సూప్ చల్లారిపోతోంది."

"గుడ్డివాడైనా చెబుతాడు అది పోప్లర్ అని. మీ వైపు చెక్క!"

"మా వైపు చెక్క నాకు తెలీదా? ఇది కాదు."

నాకు ఏడుపొచ్చింది. బీరువా కోసం కాదు. చెల్లెలి పెళ్లిలో కూడా నోరు కట్టుకోలేని మనిషి, నా ముఖం చిన్నబోకూడదని అబద్ధమాడుతున్నాడు. అదీ ఎంత చేతకాకుండానో!

"ఆ మాట ఇంకోసారి చెప్పు."

"పైన్" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"లాంకస్టర్ వస్తాను" అన్నాను.