గుప్పెడు పొట్టు

శనివారం పొద్దున కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించాక ఇస్క్రా తన లాప్‌టాప్ శుభ్రం చేసుకునేది. ముందు దాన్ని పూర్తిగా ఆపేసేది. ఛార్జర్ తీగ ఊడదీసి, మెలిక పడకుండా వదులుగా చుట్టి పక్కన పెట్టేది. తెరని మెత్తటి పొడి బట్టతో, నొక్కకుండా తుడిచేది. మరక మొండికేస్తే బట్టకే కాస్త తడి తగిలించేది గాని, తెర మీద ఎన్నడూ నీళ్లు చిలకరించేది కాదు. మీటల సందుల్లో రంగులేసే కుంచెతో ఊడ్చేది. ఆఖరున బల్ల మీద తెల్లకాగితం పరిచి, లాప్‌టాప్‌ని దాని మీద తలకిందులుగా పట్టుకుని, పొలమారిన పిల్లాడికి తట్టినట్టు వీపు మీద తట్టేది.

ఆ యంత్రమే ఆమెకి కూడు పెట్టేది. వాషింగ్ మెషీన్లతోనూ హీటర్లతోనూ వచ్చే వాడుక పుస్తకాల్ని జర్మన్‌లోంచి బల్గేరియన్‌లోకి తిప్పి రాయడం ఆమె పని. అందుకే దాన్ని పరుపు మీద పెట్టి ఊపిరాడకుండా చేసేది కాదు. మూత ఎత్తితే మధ్యలో పట్టుకుని ఎత్తేది, మూల పట్టుకుని కాదు.

తట్టినప్పుడు కాగితం మీద రాలేవి తిన్నవాటి తునకలు కావు, తినబోయేవాటివి. బల్గేరియాలోని రూసే అనే ఊళ్లో ఆ వీధిలో ఎవరింట్లోనైనా అంతే. ముందే రాలిపోతాయి కనుక, తీరా తినేటప్పుడు మీటల్లో ఒక్క రవ్వ కూడా పడదు. ఎదురింటి గీన్కా పిన్ని లాప్‌టాప్‌లోంచి ఒకసారి నడి ఎండాకాలంలో కాల్చిన చెస్ట్‌నట్ పెంకులు రాలాయి. "ఈ ఏడు చలి తొందరపడేట్టుంది" అని ఆవిడ ఊలు దుప్పట్లు తీసి ఎండలో వేసింది. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే సంగీతం మాస్టారు పెళ్లి కేకు పొడి చూసుకుని, వెంటనే వెళ్లి మీసం కత్తిరించుకొచ్చాడు. అంతకుమించి ఎవరూ దాని గురించి ఆలోచించేవారు కాదు. కాగితం మడిచి చెత్తబుట్టలో దులిపేసేవారు.

ఇస్క్రాకి రాలేది ఎప్పుడూ తక్కువే. అసలు లాప్‌టాప్ దగ్గర ఆమె పెద్దగా ఏదీ తినేది కాదు. మహా అయితే ఒక బిస్కెట్ పొడి, పండగ రోజుల్లో జున్ను కూరి కాల్చిన బనిత్సా రొట్టె పొర ఒకటి.

అలాంటిది ఆ శనివారం పొద్దుతిరుగుడు గింజల పొట్టు రాలింది. నల్లగా, తెల్ల చారలతో, పళ్ల మధ్య సరిగ్గా రెండుగా చీలిన పొట్టు. ఇస్క్రా మళ్లీ తట్టింది. మళ్లీ రాలింది.

ఆమె కాగితాన్ని అలాగే పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

గీన్కా పిన్ని కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. "కమెన్ తినేవాడుగా ఇవి? సోఫా కింద, కారులో, ఎక్కడ చూసినా ఇవే ఉండేవి. నువ్వు చీపురు పట్టుకుని వాడి వెనకాలే తిరిగేదానివి."

"కమెన్‌తో విడాకులై ఏడాదవుతోంది పిన్నీ."

"నాకెందుకు చెప్తావు? పొట్టుకి చెప్పు."

"వాడు తిరిగొస్తాడంటావా?"

"నేనేమీ అనలేదమ్మా. గింజలు తినేవాడెవడో నీ లాప్‌టాప్ ముందు కూచుంటాడు. అంతవరకే. మరి ఆ పళ్ల డాక్టరు సంగతేమిటి?"

అదే ఇస్క్రాకీ అంతుపట్టలేదు. పళ్ల డాక్టరు ల్యూబెన్ ఉండేది దూరాన వార్నా ఊళ్లో. నెమ్మదైన మనిషి. మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగి, ఎదుటివాళ్ల మాట పూర్తయిందో లేదో చూసుకునేవాడు. నెలాఖరుకి తన దగ్గరికి వచ్చెయ్యమని అడిగాడు. ఆమె వస్తానంది. సగం సామాను పెట్టెల్లో సర్దేసింది కూడా. ల్యూబెన్ గింజలు తినే మనిషి కాడు. గింజలు కొరికి ముందు పళ్లు అరగ్గొట్టుకున్నవాళ్లని చూసీ చూసీ అతనికి వాటి పేరెత్తితేనే చిరాకు.

తరవాతి శనివారం పొట్టు ఇంకా ఎక్కువ రాలింది. ఆ తరవాత ఇస్క్రా ఇక శనివారం దాకా ఆగడం మానేసింది. రోజూ తట్టినా రోజూ రాలింది. లాప్‌టాప్ వేడెక్కడం మొదలుపెట్టింది. ఫ్యాను రొప్పుతూ తిరిగేది. ఒకరోజు ఒక నీళ్ల హీటరు పుస్తకం మధ్యలో, 'ప్రమాదం' అనే మాట దగ్గర, తెర నల్లగా అయిపోయింది.

ఇస్క్రాకి కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. కమెన్ వస్తే తలుపు మొహాన వేసెయ్యాలనుకుంది. అంతలోనే, వస్తాడని రాసిపెట్టి ఉంటే తలుపు తీసేది తనే కదా, ఎందుకు తీస్తుంది తను అనుకుంది. సర్దిన పెట్టెలు విప్పింది. మళ్లీ సర్దింది. ఒక పెట్టెలో ఒక కాలి చెప్పూ, ఇంకో పెట్టెలో రెండో కాలిదీ పెట్టి, ఏది ఎందులో ఉందో మరిచిపోయింది.

చివరికి సోఫియా నగరంలో ఉన్న కమెన్‌కి ఫోన్ చేసింది.

"నువ్వు మా ఇంటికొచ్చే ఉద్దేశంలో ఉన్నావా?" అని సూటిగా అడిగింది.

"నేనా?" కమెన్ కంగారు పడ్డాడు. "ఏం, రావాలా? ఏమైనా మరిచిపోయానా అక్కడ?"

"గింజల పొట్టు రాలుతోంది."

"ఇస్క్రా, నేను గింజలు మానేశాను. దవడపన్ను విరిగింది. ఇప్పుడు పెరుగూ బ్రెడ్డూ తింటున్నాను ముసలాళ్లలాగా."

"అబద్ధం కాదు కదా?"

"నోరు తెరిచి చూపించమంటావా? పోనీ, మీ పళ్ల డాక్టరుగారికే చూపిస్తాను." అని నవ్వబోయి, నవ్వలేక ఆగాడు. "నా బుర్ర ఇక్కడ లేదసలు. అమ్మ వంటింట్లో జారిపడింది. విరిగిన తుంటి అతుక్కుంది గాని, ఒక్కతీ ఉండలేదంటున్నారు. నాకేమో ఇక్కడ ఒక్క గది. కొండల్లో ఒక వృద్ధాశ్రమంలో చోటు దొరికింది. బుధవారం వాళ్ల వ్యాను వస్తుంది."

"అలాగా" అంది ఇస్క్రా. ఫోన్ పెట్టేసింది. కమెన్ కాకపోతే మరి ఎవరు? ఊళ్లో గింజలు తినేవాళ్లు సగం మంది. వాళ్లలో తన బల్ల దగ్గర కూచునేవాడెవడు?

ఆ మధ్యాహ్నం ఆమె చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని లాప్‌టాప్ అడుగు మూత విప్పింది. ఫ్యాను రెక్కల నిండా పొట్టు ఇరుక్కుని ఉంది. రెక్క తిరగకుండా వేలితో ఆపి పట్టుకుని, కుంచెతో ఒక్కొక్కటీ బయటికి తీసింది. అడుగున ఇరుసుకి ఏదో గట్టిగా చుట్టుకుని ఉంది. పట్టకారుతో మెల్లగా విప్పితే పొడుగాటి వెంట్రుక వచ్చింది. మొదలు తెల్లగా ఉంది. మిగతాదంతా గోరింటాకు ఎరుపు.

కమెన్‌కి బట్టతల.

ఇస్క్రా ఆ వెంట్రుకని కిటికీ వెలుగులో చాలాసేపు పట్టుకుని చూసింది. అలా జుట్టుకి గోరింటాకు పెట్టుకునే మనిషి తనకి తెలిసి ఒక్కతే. కమెన్ తల్లి స్తోయ్నా. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరికీ చెడింది. ఇంటికొచ్చేవాళ్లు చెప్పులు బయట విప్పి రావాలని కోడలు అన్నదని తెలిసి, "అయితే నేను బయటే ఉంటాను" అని ఆవిడ ఒక్కసారి కూడా గుమ్మం తొక్కలేదు. విడాకుల రోజున కోర్టు మెట్ల మీద అందరూ వినేలా, "ఇల్లు తుడుచుకోడానికి చీపురు చాలు, మొగుడెందుకూ" అని కూడా అంది.

అలాంటి మనిషి జుట్టు తన ఫ్యాన్‌కి ఎందుకు చుట్టుకుంటుంది?

మూత బిగించి, కోటు తొడుక్కుని, ఊరి అవతలి కొసన ఉన్న స్తోయ్నా ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా ఆవిడని ఏమని పిలవాలో తేలలేదు. అత్తయ్యా అనడానికి ఇప్పుడు అత్త కాదు. స్తోయ్నా గారూ అంటే వెక్కిరింపులా ఉంటుంది.

తలుపు తీసే ఉంది. స్తోయ్నా చేతికర్ర పక్కన ఆనించుకుని, కట్టిన సంచుల మధ్య కుర్చీలో కూచుని ఉంది. దవడ ఆడుతోంది. ఒళ్లో ఒక పళ్లెం, పళ్లెం నిండా పొట్టు.

"దారి తప్పావా?" అంది ఇస్క్రాని చూసి.

"లేదు. మీరు నా లాప్‌టాప్ మీద గింజలు తింటున్నారు."

"నేనా! నీ గుమ్మం నేనెప్పుడు తొక్కాను?"

"ఇంకా తొక్కలేదు. ఇంకా తినలేదు కూడా. పొట్టు మాత్రం రాలుతోంది. మీ వెంట్రుక ఫ్యాన్‌కి చుట్టుకుంది." జేబులోంచి కాగితం మడత తీసి విప్పింది.

స్తోయ్నా ముందు పొట్టుని చూసింది. ఒకటి తీసి తన పళ్లెంలోని దానితో పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. "నా చీలికే" అని ఒప్పుకుంది. "ముందు పన్ను కొంచెం వంకర. అందుకే ఇలా ఏటవాలుగా చీలుతుంది. ఎంత రాలింది?"

"నిన్న గుప్పెడు. మొన్న గుప్పెడు. రోజూ గుప్పెడు."

"గుప్పెడంటే చుట్టపుచూపు కాదే అమ్మాయ్" అంది స్తోయ్నా నెమ్మదిగా. "కాపురమే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఇష్టం లేదు. ఇద్దరికీ అర్థం కూడా కాలేదు.

"ఆ పెట్టె ఎటు తెరవాలో కూడా నాకు తెలీదు" అంది స్తోయ్నా.

"నేర్చుకుంటారు కాబోలు."

"నీతోనా? చెప్పులు విప్పమంటావు."

"విప్పమంటాను."

"అక్కడ, ఆ కొండల్లో, గింజలు తినకూడదట. ఫోన్ చేసి అడిగాను. నేలంతా పాడవుతుందట." ఆవిడ పళ్లెంలోని పొట్టుని వేలితో ఒక పక్కకి తోసింది. "వాడు మంచిచోటే వెతికాడులే. పాపం, వాడికి మాత్రం ఏముంది?"

ఇస్క్రా కిటికీ వైపు తిరిగింది. ఇక్కడికి తను దెబ్బలాడటానికి వచ్చిందో, అడగటానికి వచ్చిందో, ఊరికే పొట్టు చూపించడానికి వచ్చిందో తనకే తెలియలేదు. జాలి పడి వచ్చిందా అంటే కాదు. ప్రేమా అసలే కాదు. కాని ఆ ముసలావిడని వ్యాను ఎక్కించేస్తే, ఇప్పటికే తన చెత్తబుట్టలో పడి ఉన్న పొట్టు తాలూకు గింజల్ని ఎవరు తింటారో ఆమె ఊహకి అందలేదు.

"పెద్ద సంచి నాకివ్వండి" అంది. "చిన్నది మీరు పట్టుకోగలరా?"

"ఇప్పుడేనా?"

"బుధవారం వాళ్ల వ్యాను వస్తుంది కదా."

స్తోయ్నా ఒళ్లోంచి పళ్లెం తీసి పక్కన పెట్టింది. తరవాత ఫోన్ తీసి, ఆశ్రమానికి చేసి, "నేను రావడంలేదు. గింజలు తినే చోటు దొరికింది" అని చెప్పి, వాళ్లేదో అడుగుతుండగానే పెట్టేసింది.

ఆవిడ బట్టలు మార్చుకుంటుంటే ఇస్క్రా వరండాలోకి వచ్చి ల్యూబెన్‌కి ఫోన్ చేసింది. నెలాఖరుకి రాలేనంది. ఎందుకో చెప్పింది. మధ్యలో తనకే గందరగోళమై మొదటినుంచీ మళ్లీ చెప్పింది.

ఎప్పటిలాగే అతను ఆగాడు. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాడు. "ఎంతకాలం?" అన్నాడు.

"తెలీదు. రోజూ గుప్పెడు రాలుతోంది."

"ఆవిడ పళ్లు ఎలా ఉన్నాయి?"

"ముందుది వంకర. మిగతావి గట్టివే అనుకుంటా."

"అయితే చాలాకాలం తింటుంది" అన్నాడు ల్యూబెన్. నిట్టూర్చాడో నవ్వాడో ఫోన్‌లో తెలియలేదు. "ఆదివారం నేనే వస్తాను. చూస్తాను ఆ పన్ను."

టాక్సీ మాటెత్తితే స్తోయ్నా మండిపడింది. ట్రాలీబస్సు నడిపి రిటైరైన మనిషిని టాక్సీ ఎక్కమంటావా అంది. పైన కరెంటు తీగల్ని కడ్డీలతో పట్టుకుని నడిచే ఆ ట్రాలీబస్సే ఇద్దరూ ఎక్కారు. ఖాళీ సీట్లు ఉన్నా ఆవిడ కూచోలేదు. కర్ర ఆనించుకుని డ్రైవరు వెనకాలే నిలబడింది.

"మలుపులో వేగంగా లాగకు, పైన కడ్డీ తీగని వదిలేస్తుంది" అంది.

డ్రైవరు అద్దంలో చూసి, "స్తోయ్నా అక్కా! నువ్వా! ఎక్కడికి సంచులతో?" అన్నాడు.

"రోడ్డు చూడు ముందు."

ఇస్క్రా పెద్ద సంచి కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడింది. సంచిలోంచి గింజల వాసన వస్తోంది. మంచి పని చేస్తున్నానా, పిచ్చి పని చేస్తున్నానా అని లిండెన్ చెట్ల వీధి పొడుగునా ఆలోచించింది. తేలలేదు. ఆవిడని ఏమని పిలవాలో కూడా ఇంకా తేలలేదు.

బస్సు నెమ్మదించింది.

"ఇక్కడే దిగాలండీ" అంది ఇస్క్రా.

"నాకు చెప్తావా?" అంది స్తోయ్నా. తెరుచుకున్న తలుపుకేసి, దాని అవతలి మెట్టుకేసి, కొత్త ఊరు చూస్తున్నట్టు చూసింది. "ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ స్టాపులో తలుపు తీశానే అమ్మాయ్. దిగడం మాత్రం ఇదే మొదటిసారి. చెయ్యి పట్టుకో."