ముప్పై నిమిషాల బ్రెడ్డు

మా బేకరీలో గల్లాపెట్టె పక్కన గోడకు ఒక ఫొటో అంటించి ఉంటుంది. అందులో రోడ్డు మీద ఒక పెద్ద ఎర్ర గుడ్డ కుప్ప, ఆ కుప్ప కిందనుంచి బయటికొచ్చిన రెండు బూట్లు కనిపిస్తాయి. ఆ బూట్లు నావి.

మా ఊళ్ళో ఏటా ఒకసారి అయిదు కిలోమీటర్ల పరుగు పెడతారు. గమ్యం దగ్గర ఎర్ర గుడ్డతో కుట్టిన కమాను ఉంటుంది. ఒక యంత్రం లోపలికి గాలి ఊదుతున్నంతసేపే అది నిలబడుతుంది. బస్సులు తిరిగే రోడ్డు కాబట్టి అరగంటకు దారి వదిలెయ్యాలి. అందుకని మెడలో ఈల వేసుకుని తిరిగే నిర్వాహకుడు సరిగ్గా ముప్పై నిమిషాలకు ఆ యంత్రం ప్లగ్గు పీకేస్తాడు. ఒక్క సెకను ముందు పీకడు, ఒక్క సెకను ఆగడు. కమాను ముందు నడుం వంచుతుంది, తర్వాత మోకాళ్ళు వంచుతుంది, ఆపైన సాష్టాంగపడుతుంది. కిందటేడు నేను ముప్పై మూడో నిమిషంలో వచ్చాను. పక్కనుంచి పోతే నా పరుగు లెక్కలోకి రాదేమోనని ఆ గుడ్డ కిందనుంచే పాక్కుంటూ పోయాను. ఫొటో తీసేవాడు అక్కడే ఉన్నాడు.

ఆ రోజునుంచి కొనడానికొచ్చే ప్రతివాళ్ళకూ నేను మూటమ్మనే. "మూటమ్మా, రెండు బన్నులివ్వు" అంటారు. ఫొటోను అంటించింది ఎవరో కాదు, మా అత్తగారు. "షాపుకి ఊరికే పేరొస్తుంటే దాచుకోవడం దేనికే?" అన్నారు.

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాతెప్పుడో నింపాదిగా వస్తుంది. ఆ కోపంలోనే నలుగురి ముందూ శపథం పట్టేశాను. ఈ ఏడు కమాను నిలబడి ఉండగా, తలెత్తుకుని, దాని కిందనుంచి పోతాను. పోలేకపోతే ఆ ఫొటోను పెద్దది చేయించి షాపు బయట వేలాడదీసుకోమన్నాను. అత్తగారు వెంటనే గోడ కొలిచారు.

అయితే గడియారానికీ నాకూ పడదు. కిందటేడు ప్రతి పది అడుగులకూ చేతి గడియారం చూసుకుంటూ పరిగెత్తి, ఒక దీపస్తంభాన్ని గుద్దుకుని, దానికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను. అందుకే ఈసారి నా చేతిలో ఉన్న విద్యను నమ్ముకున్నాను. పెద్ద అచ్చులో పెట్టిన మా ఇంటి బ్రెడ్డు, రెండు వందల ఇరవై డిగ్రీల వేడిలో సరిగ్గా ముప్పై నిమిషాలకు తేనె రంగు తేలుతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక్కరోజు తప్పలేదు. అమ్మకానికి వెళ్ళే సరుకంతా దించేశాక, ఇంటికోసం ఒక్క బ్రెడ్డు ఓవెన్‌లో పెట్టి, తలుపు వేసి పరుగెత్తడం. షాపు గుమ్మం దగ్గర మొదలుపెట్టి, బస్సు డిపో చుట్టి, నీళ్ళ ట్యాంకు మీదుగా మళ్ళీ గుమ్మంలోకి. అది సరిగ్గా అయిదు కిలోమీటర్లని మా ఆయన సరుకులు చేరవేసే స్కూటరు మీద రెండుసార్లు తిరిగి తేల్చారు. నేను వచ్చేదాకా ఓవెన్ తలుపు ఎవరూ తియ్యకూడదు. తేనె రంగులో ఉంటే గెలిచినట్టు. మాడితే ఎంత మాడిందో అంత ఆలస్యమైనట్టు.

మొదటివారం బొగ్గు తీశాను. ఇటుకలా మోగింది.

"తిలాపాపం తలా పిడికెడు" అంటూ అత్తగారు దాన్ని మూడు ముక్కలు చేశారు. చెయ్యబోయారు అనాలి, రంపం తెచ్చేసరికి చాలాసేపయింది. ఆవిడ కొత్తగా పళ్ళు కట్టించుకున్నారు. మొదటి ముక్కకే వాటిని తీసి గ్లాసులో వేసేసి, బోసినోటితో నాకు సుద్దులు చెప్పారు. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. నువ్వేమో పరిగెత్తి వచ్చి మాకు బొగ్గులు పెడుతున్నావు."

మా ఆయన కేకుల మీద పేర్లు రాస్తారు. పొద్దస్తమానం అక్షరాలు పిండి పిండి, ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగలవు. తన ముక్క తను కొరుక్కుని, నీళ్ళు తాగి లేచారు.

మూడు నెలలు అలాగే గడిచాయి. పిండి బస్తాలు మెట్లెక్కించి తొడలు గట్టిపరుచుకున్నాను. ఒక దీపస్తంభం దాకా చచ్చేంత వేగంగా, తర్వాతి స్తంభం దాకా నెమ్మదిగా పరిగెత్తాను. కిందటేడు క్షమాపణ చెప్పినదాన్ని దాటేటప్పుడు మాత్రం తల తిప్పుకునేదాన్ని. బొగ్గు కాస్తా కాఫీగింజ రంగుకు వచ్చింది. కాఫీగింజ కాస్తా పాత తలుపు రంగుకు వచ్చి, అక్కడ మేకు కొట్టినట్టు ఆగిపోయింది. పాత తలుపు, పాత తలుపు, మళ్ళీ పాత తలుపు. వీధి మలుపు తిరగ్గానే మాడువాసన వచ్చేది, నా మొహం అక్కడే వాడిపోయేది. బూట్లు మంచివి కావన్నాను, రోడ్డు ఎత్తుపల్లాలన్నాను. "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే" అన్నారు అత్తగారు.

పోటీకి ఇరవై రోజులుందనగా ఒక ఉదయం మలుపు తిరిగాను. మాడువాసన లేదు! గుమ్మం దాటి, గ్లవుజు తొడిగి, తలుపు తీశాను. తేనె!

ఆ తర్వాత నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నవాళ్ళు చెప్పిన ప్రకారం బ్రెడ్డును చంటిపిల్లలా ఎత్తుకుని షాపంతా గంతులేశాను, ఉత్తరాలిచ్చే ఆయన్ను కావిలించుకుని ఆయన ఖాకీ చొక్కాను తెల్లచొక్కా చేశాను, క్యూలో ఉన్న ఆరుగురికీ బన్నులు ఊరికే ఇచ్చాను. అత్తగారు పళ్ళు పెట్టుకుని మరీ నవ్వారు. మర్నాడూ తేనె. ఆ మర్నాడూ తేనె. వరసగా పది రోజులు తేనె! నేలమీద నడవడం మానేశాను. ఫొటో ఊడబీకాక అక్కడేం పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

పదకొండోరోజు డిపో దగ్గర బూటు తాడు తెగింది. ఒక్కరోజుకేం పోయిందని నడిచాను. బూటు టపటపలాడించుకుంటూ, డ్రైవర్లతో కబుర్లాడుతూ, నీళ్ళ ట్యాంకు దగ్గర కూర్చుని కాళ్ళు చాపుకుని మరీ వచ్చాను. ముప్పావుగంట పైనే అయుంటుంది. ఇవాళ బొగ్గే, రంపం తీసి ఉంచాలి అనుకుంటూ తలుపు తీశాను.

తేనె.

నా నోరు అబద్ధం చెబుతుందేమో గాని, బ్రెడ్డుకు ఆ విద్య రాదు. బుర్ర తిరిగిపోయి, గ్లవుజు లేకుండా అచ్చు పట్టేసుకున్నాను. చెయ్యి కాలలేదు. అచ్చు గోరువెచ్చగా ఉంది. ఓవెన్ వేడి తిప్పే మీట మాత్రం రెండు వందల ఇరవై దగ్గర బుద్ధిగా నిలబడి ఉంది. దాని నడినెత్తిన ఊదారంగు బొటనవేలి ముద్ర! ఇలాంటిదే మరొకటి తలుపు అద్దం మీద, ఇంకొకటి పిడి మీద.

మా షాపులో బ్రెడ్డు కవర్ల మీద రోజూ తేదీ ముద్ర వేసేది అత్తగారు. ఆవిడ దగ్గరుండేది ఊదారంగు సిరా.

"ఏంటత్తయ్యా ఇది?"

"వేలిముద్ర."

"ఎవరిది?"

"ఇంట్లో ఊదా వేళ్ళు ఇంకెవరికున్నాయే? రంగు తేలగానే మీట తిప్పి ఓవెన్ ఆర్పేసి, తలుపు ఓరగా తీసేదాన్ని. నీ అడుగుల చప్పుడు వినగానే అన్నీ మళ్ళీ ఎప్పటిలా పెట్టేసేదాన్ని."

దొంగ చేతికి తాళాలిచ్చి నేను డిపో చుట్టూ తిరుగుతున్నానన్నమాట. "మీ పళ్ళకోసం నన్ను వెర్రిదాన్ని చేశారా?" అని అరిచాను. క్యూలో వాళ్ళు బన్నులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"పళ్ళకోసం కాదే" అన్నారు ఆవిడ, ముద్ర వేసే చెక్కను చేతిలో తిప్పుతూ. "రోజూ పొద్దున్నే తలుపు తీసి ఒక మొహం పెడతావు చూడు, అది చూళ్ళేకపోయాను. ఒక్కరోజు నవ్వుతావులే అనుకున్నా. నువ్వేమో అంతలేసి నవ్వు నవ్వావు. మర్నాడు మానుదామంటే నా చెయ్యి ఆగలేదు."

నాకు ఏడుపొచ్చింది. కానీ చెప్పాను కదా, కోపం ముందుంటుంది. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ గొడవైన మర్నాడు మా ఆయన గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డారు. నేను ప్రాణాలుగ్గబట్టి పరిగెత్తి వచ్చి గుమ్మంలో కూలబడ్డాను.

"యాభై" అన్నారు.

"యాభై ఏంటండీ?"

"ఎక్కువ."

ముప్పై నిమిషాల యాభై సెకన్లు. మిగిలింది ఎనిమిది రోజులు. అత్తగారు ఆ మూడు రోజులూ మాడిన ముక్కలన్నీ తనే ముందేసుకుని, టీలో నానబెట్టుకుని, అందరూ చూసేలా తిన్నారు. నాలుగోరోజు ఉదయం నేను బూట్లు కట్టుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడి, అరచెయ్యి చాచి నా చేతిలో వేశారు. "ఒట్టు. ఏ మీటా, ఏ తలుపూ, ఏ ప్లగ్గూ ఇంక ముట్టుకోను. వస్తే నీ కాళ్ళతో వచ్చినట్టే, రాకపోతే రానట్టే."

"సరేలెండి" అన్నాను బిగుసుకుని. లోపల మాత్రం వెన్నలా కరిగిపోయాను. ఆవిడ ఊదా రంగు నా అరచేతికంటింది, కడుక్కోలేదు.

అయిదు రోజులు తిన్నది తిన్నట్టే అరిగిపోయేలా పరిగెత్తాను. చివరిసారి పెట్టిన బ్రెడ్డు తేనెకు ఒక్క పిసరు ముదురుగా వచ్చింది. అది ఎన్ని సెకన్లో ఏ బేకరీవాడూ చెప్పలేడు.

పోటీరోజు ఈల మోగింది. వందలమంది మధ్యలో పడి కొట్టుకుపోయాను. మొదటి కిలోమీటరు నా కాళ్ళు కావు, ఎవరో అప్పిచ్చినట్టున్నాయి. మూడోదానికి వచ్చేసరికి ఊపిరి గొంతులో అడ్డం తిరిగింది. నాలుగోదానిలో నన్ను దాటిపోయిన ఒకాయన వెనక్కి తిరిగి "మూటమ్మగారేనా?" అన్నాడు. ఆయన్ను మళ్ళీ దాటేదాకా నేను మనిషిని కాలేదు.

చివరి మలుపు తిరిగాను. రోడ్డు చివర ఎర్ర కమాను నిలబడే ఉంది!

గుండె ఎగిరింది, ఆ వెంటనే దభాలున పడింది. కమాను పక్కన గాలి యంత్రం ఉంది. ఆ యంత్రాన్ని ఆనుకుని కుర్చీ వేసుకుని మా అత్తగారు కూర్చున్నారు. ఇంతమందిలో ఆవిడకు కూర్చోడానికి ఆ చోటే దొరికిందా? నేను ముప్పయ్యొకటో నిమిషంలో ఉన్నానేమో, ఆవిడ ప్లగ్గు మీద కూర్చుని ఎవర్నీ పీకనివ్వడం లేదేమో! అలాగైతే ఆ కమాను నాకొద్దు. ఊదారంగు అంటిన గెలుపు నాకు అక్కర్లేదు. కాళ్ళు తడబడ్డాయి.

అప్పుడు ఆవిడ నన్ను చూశారు. గబుక్కున కుర్చీలోంచి లేచి, యంత్రానికి నాలుగడుగులు దూరంగా జరిగి, రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తేశారు. పది వేళ్ళూ విడదీసి, అటూ ఇటూ తిప్పి చూపించారు. నేను ఏదీ ముట్టుకోలేదు, చూసుకో! అంతదూరం నుంచి కూడా ఆ ఊదా బొటనవేలు కనిపించింది నాకు. చుట్టూ ఉన్న జనానికి ఏం తెలుసు, ఉత్సాహపరుస్తోంది అనుకుని వాళ్ళూ చేతులెత్తేశారు. రోడ్డుకు రెండువైపులా చేతులే చేతులు. ఈల మనిషి ఒక్కడే చెయ్యెత్తలేదు. గొంతుక్కూర్చుని ఒక చేత్తో ప్లగ్గు పట్టుకుని, రెండో చేతి గడియారం వైపే చూస్తున్నాడు.

అంటే ఇంకా కాలేదు! ఇంకా కాలేదు!

ఆ చివరి వంద గజాలు నేను పరిగెత్తలేదు, నవ్వాను. నవ్వుతూ, ఏడుస్తూ, దగ్గుతూ తలెత్తుకుని కమాను కిందకు దూసుకుపోయి, గీత దాటిన మరుక్షణం అక్కడే బోర్లాపడ్డాను.

"ఇరవై తొమ్మిది యాభై రెండు! ఇరవై తొమ్మిది యాభై రెండు!" అని ఎవరో పిచ్చిగా అరుస్తున్నారు. చూస్తే మా ఆయన. పెళ్ళయ్యాక ఆయన నోట నేను విన్న అతి పెద్ద ప్రసంగం అదే.

లేవబోయాను, కాళ్ళు ఒప్పుకోలేదు. పైన ఒక బోసినవ్వు కనిపించింది. అత్తగారు పళ్ళు ఎక్కడో పారేసుకుని పరిగెత్తుకొచ్చారు. ఇంతలో ఈల మోగింది. ప్లగ్గు పీకేశారు. కమాను నడుం వంచింది, మోకాళ్ళు వంచింది, మెత్తగా వచ్చి మా ఇద్దరి మీదా పడింది.

ఆ ఫొటో కూడా తీశారు. ఒక ఎర్ర కుప్ప, దాని కింద రెండు బూట్లు, రెండు చెప్పులు. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన పాతదాని సరసనే ఉంది, నేనే అంటించాను. కానీ కుప్ప లోపలేమయిందో ఫొటోలో లేదు. అంతా ఎర్రటి చీకటి. ఆ చీకట్లో చెయ్యి చాచి తడిమితే అత్తగారి మోచెయ్యి తగిలింది. అది ఇంకా పైకే ఉంది. పైనుంచి పడుతున్న గుడ్డనంతా ఆ రెండు చేతులే గుంజల్లా మోస్తున్నాయి.

"అమ్మాయ్" అన్నారు ఆవిడ ఆయాసపడుతూ. "ఇంక దించెయ్యనా?"