సిపాయి మాస్టారి తుపాకీకి దగ్గు

సిపాయి మాస్టారు పొద్దున లేవగానే కిటికీ తెరుస్తాడు, టీ పెట్టుకుంటాడు, ఆ తర్వాత బీరువాలో ఉన్న తుపాకీని పలకరిస్తాడు. అది పాతకాలపు తుపాకీలా చేయించిన నాటకాల తుపాకీ, పేలదు. ఇరవై ఏళ్ళు దాన్ని భుజాన వేసుకుని సిపాయి వేషం కట్టాడు కాబట్టి ఆయనకా పేరు. నాటకాల కంపెనీ మూతపడ్డాక తుపాకీ ఆయన దగ్గరే ఉండిపోయింది. పోయిన భార్య దానికోసం తోలు సంచి కుట్టింది. కంపెనీ మూతపడ్డప్పటి నుంచి అది ఆ సంచిలోనే ఉంటోంది.

ఆ వానాకాలం తుపాకీకి దగ్గు పట్టుకుంది. వీధిలో తలా ఒక మందు చెప్పారు. పక్కింటి పిన్నిగారు చెప్పి ఊరుకునే మనిషి కాదు. మరిగే నీళ్ళ గిన్నె మీద దాన్ని ఆనించి, దుప్పటి కప్పి, మూడు రోజులు ఆవిరి పట్టింది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, నాలుగోరోజుకి గొట్టం నిండా ఎర్రటి మచ్చలు లేచాయి, దగ్గు రెండింతలైంది.

చివరికి మాస్టారు సందు చివర తాళాలు బాగుచేసే ఆవిడను పిలుచుకొచ్చాడు. ఆమె కూడా ఒంటరి మనిషే. నెలాఖరుకి కొట్టు మూసి, పొరుగూళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది.

ఆమె ముందు గొట్టంలో ఏమీ లేదని చూసుకుంది. తర్వాత మచ్చలు చూసి తల పట్టుకుంది.

"ఇనుముకి ఎవరైనా ఆవిరి పడతారా మాస్టారూ?"

"పిన్నిగారి అభిమానమండీ."

"ఆ అభిమానం ఇంకో వారం సాగితే ఇది పొయ్యిలో ఊదుకోడానికి కూడా పనికిరాదు."

మచ్చల మీద నూనె చుక్కలు వేసి, కాసేపు నాననిచ్చి, సన్నటి ఇనుప పీచుతో మెల్లగా రుద్దింది. గట్టిగా రుద్దితే తుప్పుతోపాటు పైపూతా పోతుందట. పాత నూలుగుడ్డతో తుడిచి, పైన పల్చగా నూనె రాసింది. వట్టి చేత్తో ముట్టుకోవద్దంది, చెమటలో ఉప్పుంటుంది కాబట్టి. ఆఖరికి తోలు సంచి లోపల వేలు పెట్టి చూసింది.

"అసలు జబ్బు ఇక్కడుంది. తోలు తేమ పీల్చి ఇనుముకి అంటిస్తుంది. ఇందులో పెట్టకూడదు."

"అది మా ఆవిడ కుట్టిందండీ," అన్నాడు మాస్టారు.

ఆమె కుట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు చూసింది. "ఎంత ముచ్చటగా కుట్టారో. గొడుగు పెట్టుకోండి ఇందులో. ఆవిడేం అనుకోరు."

మాస్టారు కాస్త ఏడ్చాడు. ఏడ్చినందుకు సిగ్గుపడలేదు కూడా.

ఆ తర్వాత రోజు విడిచి రోజు ఆమె వచ్చి తుపాకీని తుడిచేది. పని పావుగంట, కబుర్లు రెండు గంటలు. టీ గిన్నె పెద్దదైంది. రెండు వారాలకు తుప్పు పోయింది, దగ్గు ఆగింది, ఆమె రావడమూ ఆగింది. మాస్టారికి కాలూ చెయ్యీ ఆడలేదు. నిక్షేపంలాంటి తాళం ఒకటి పట్టుకుని రెండుసార్లు సందు చివరిదాకా వెళ్ళాడు, నోరు పెగలక తిరిగొచ్చాడు.

నెలాఖరు రానే వచ్చింది. ఎండ పెళపెళలాడుతోంది. ఆమె పెట్టె బస్సు మీదికెక్కింది, ఆమె సీట్లో కూర్చుంది. బస్సు వీధి మలుపు తిరుగుతుండగా మాస్టారింట్లో తుపాకీ కిటికీ అద్దాలు అదిరేలా దగ్గింది. పిన్నిగారు పరుగున వెళ్ళి బస్సుకు అడ్డంగా నిలబడింది.

"అమ్మాయ్, దానికి మళ్ళీ మొదలైంది."

ఆమె దిగివచ్చి తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసింది. గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉంది.

"మచ్చయినా లేదు. తేమా లేదు. ఎందుకు దగ్గుతోంది మాస్టారూ?"

మాస్టారు నేలకేసి చూశాడు. "నాకు చెప్పడం చేతకాక. మీరు వెళ్ళిపోతే ఈ ఇల్లు నాకు ఇల్లులా ఉండదండీ."

ఆమె తుపాకీని నెమ్మదిగా గోడకు ఆనించింది.

"ఆ ముక్క మీరే అనొచ్చుగా. పాపం, ముసలి ప్రాణం, దానిచేత చెప్పించాలా?"

బయట బస్సు హారన్ కొడుతోంది. గుమ్మంలో నిలబడి అంతా వింటున్న పిన్నిగారు వెనక్కి తిరిగి, "ఆవిడ పెట్టె దింపేసి పోనివ్వండి నాయనా," అంది.