డప్పు పెట్టె

సిద్దిరాములు కుడిచేతిలోని డప్పుకర్ర, సిర్రతో నల్ల రబ్బరు బిళ్లను కొట్టాడు. పక్కనున్న స్పీకరులో డప్పు మోగింది. ఎడమచేతి సన్నపుల్లతో ఇంకో బిళ్లను తాకితే కటకటమని పలికింది. ఆ మోతలన్నీ ఆయనవే. మొన్న అవేజ్ తన సెల్‌ఫోన్ల రిపేరు దుకాణానికి షట్టరు దించి, ఫ్యాను ఆపి, ఆయన డప్పు మీది ఒక్కో దెబ్బనూ, ఆ తర్వాత పెళ్లివారికి ఎదురెళ్లేటప్పుడు కొట్టే ఎదుర్కోళ్ల దరువు మొత్తాన్నీ కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు.

"జర మెల్లగ కొట్టు కాకా. ఇది తోలు గాదు," అన్నాడు అవేజ్.

"మెల్లగ కొడితే పెండ్లి అనిపియ్యది బిడ్డా."

మెట్‌పల్లి చుట్టుపక్కల ఒకప్పుడు సిద్దిరాములు రానిదే పెళ్లివారు అడుగు కదిపేవారు కాదు. డీజే బండ్లు వచ్చాక ఆ డబ్బాల హోరులో డప్పు చెవిన పడకుండా పోయింది. డప్పుకు మైకు పెడితే కీచుమని కూత. పిలుపులు ఆగిపోయాయి. ఊరికే కూర్చున్న మనిషిని చూడలేక అవేజ్ ఈ మిడి కంట్రోలర్ కట్టాడు. చెక్కపెట్టె, పైన రబ్బరు బిళ్లలు, లోపల తీగలు, కంప్యూటరులో దెబ్బ పలికినప్పుడల్లా మూలన వెలిగే చిన్న ఎర్రదీపం. బిళ్లను కొడితే వైరు వెంట కంప్యూటరుకు కబురు పోయి డీజే డబ్బాల్లో డప్పు మోగుతుంది. సిద్దిరాములు చేతుల వాటం చూసుకుని మరీ బిళ్లలు అతికించాడు. డీజే శ్యాంసుందర్‌ను బతిమాలి, ఆ మోతలను అతని కంప్యూటరులోనూ వేసి ఇవాళ్టి పెళ్లికి ఒప్పించాడు. అతనికి నచ్చితే ఈ మాఘమాసమంతా బండి మీద చోటు. మళ్లీ ఊరేగింపు ముందు నిలబడాలి, సిద్దిరాములుకు కావలసింది అదొక్కటే.

పెళ్లివారి ఊరు చేరేసరికి మంచు ఇంకా విడవలేదు. బండి పక్కన నిలబడి కొట్టి చూస్తే మోత నీరసంగా వచ్చింది. గట్టిగా కొట్టాడు. అయినా అంతే. అవేజ్ జనరేటరు దగ్గర ఉన్నాడు. మంచుకు డప్పు తోలు మెత్తబడితే సెగకు బిగించే అలవాటున్న చేతులు ఊరుకుంటాయా? వైరు ఊడదీసి, పెట్టెను వంటవాళ్ల పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి, మంటకు చూపించి, అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూస్తూ, ఓపికగా కాచాడు. జిగురు కరిగి బిళ్లలు ముడుచుకుపోయాయి.

అవేజ్ పరుగెత్తుకొచ్చి తల పట్టుకున్నాడు. "గిదేంది కాకా! అది మెత్తవడలే. పాటకు అడ్డమొస్తుందని శ్యామన్న నీ సౌండు తగ్గిచ్చిండు."

శ్యాంసుందర్ తిట్టినా బాగుండేది. నవ్వాడు. "పరేషాన్ గాకుండ్రి. కాక కొట్టిందంత కంప్యూటర్ల ఉన్నది గదా," అని ఒక మీట నొక్కి, సౌండు పెంచాడు.

సిద్దిరాములు దరువుకు ఊరంతా దద్దరిల్లింది. పెళ్లికొడుకు దోస్తులు చెమటలు కక్కేలా ఎగిరారు. వాయించేది ఎవరా అని ఒక్కరూ తల తిప్పి చూడలేదు. తన చేతులు లేకుండానే తన డప్పు ఇంత బాగా మోగుతుందని సిద్దిరాములుకు అప్పుడు తెలిసింది.

"రేపటికల్ల బాగు చేస్త కాకా," అన్నాడు అవేజ్.

"ఎవలి కోసం?"

తువ్వాలు భుజాన వేసుకుని బస్సు రోడ్డు పట్టాడు సిద్దిరాములు. ఇక్కడ ఊరేగింపు కదిలింది. పనికొస్తుందేమోనన్న ఆశతో అవేజ్ పెట్టెకు మళ్లీ వైరు తగిలించి బండి మీద పెట్టాడు. పలికే బిళ్ల ఒక్కటీ లేకపోయినా, కంప్యూటరులోంచి వచ్చే ప్రతి దెబ్బకూ దాని మూలన ఆ చిన్న ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.