చెట్టుకు అవతలి వైపు

నవంబరు పదిహేడు, ఆదివారం ఉదయం. చుట్టుదారి మొదలయ్యే చెక్క గేటు దగ్గర హాజరైనవారు నలుగురు: ఆ దారి మీద పుస్తకం రాసిన మా నడక సంఘం అధ్యక్షులు, చెట్ల మీద పసుపు రంగు గుర్తులు వేసిన ఆయన బావమరిది, జూలైలో అక్కడి ఏటిలో పడి చనిపోయిన లెక్కల మాస్టారి భార్య అయిన పళ్ల డాక్టరుగారు, సంఘం కార్యదర్శిగా నేను.

నా సంచిలో ఒక కాగితం ఉంది. గుర్తులున్న దారిని విడిచి మాస్టారు తన ఇష్టప్రకారం పోవడమే ప్రమాదానికి కారణమని అందులో రాశాం. డాక్టరుగారు కూడా ఒప్పుకొని సంతకం చేస్తే సంగతి అంతటితో ముగిసేది. ఆమె మాత్రం ముందు ఆ దారంతా నడుస్తాననీ, కలం పట్టుకోవడం ఆ తర్వాతేననీ కబురు చేసింది.

"మా అమ్మాయిని బడిలో పిల్లలు అడుగుతున్నారండీ, దారి ఉండగా మీ నాన్న పక్కకెందుకు పోయాడని. అదొచ్చి నన్నడుగుతోంది. ఏం చెప్పమంటారు?" అంది గేటు దగ్గర.

అధ్యక్షులు అలవాటుగా ఎడమకు, ఏటి వైపు తిరిగారు.

"అటు కాదండీ. ఆయన ఇటు వెళ్లారు, ఇంట్లో చెప్పే బయల్దేరారు. ముందు అడివి, ఆఖర్న ఏరు."

"అదేమిటమ్మా? అందరూ ఏటి వెంట వెళ్లి అడవిలోంచి తిరిగొస్తారు."

"కంచంలో ఇష్టమైంది ఆఖరికి దాచుకునే మనిషి. మీ పుస్తకంలో ఎటునుంచైనా నడవొచ్చని ఉందిగా."

"ఉందమ్మా. చుట్టుదారి కదా. ఎటు తిరిగినా ఒకటే."

కుడివైపు దారి పట్టాం. రాత్రి కురిసిన వానకు నేల మెత్తబడి ఉంది. రాలిన ఆకుల కింద దారి ఉన్నట్టే ఉండి, నాలుగడుగుల్లో లేనట్టు అయ్యేది. బావమరిది నోరు విప్పాడు.

"మేమిద్దరం కలిసే వేశామండీ ఈ దారి. రాత ఆయనది, పూత నాది. అచ్చులో పేరు బావకొచ్చింది, చొక్కా మీద మచ్చ నాకొచ్చింది."

"నీకు మచ్చలు కొత్తా?" అన్నారు అధ్యక్షులు. డాక్టరుగారు కూడా కొంచెం నవ్వింది.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బావమరిది నడక తడబడసాగింది. ఒక్కొక్క మానునూ తేరిపార చూస్తూ, "ఇక్కడే ఒకటి ఉండాలే... పోనీ ఆ లావుపాటి దానికి..." అని గొణుక్కుంటున్నాడు. తడిసిన బెరడు తప్ప ఎక్కడా ఏమీ కనిపించలేదు. డాక్టరుగారు ఆగి, మేము దాటివచ్చిన చెట్టువైపు తిరిగి చూసింది.

"అదుగో, ఉంది."

అరచేయంత పసుపు గీత, చెక్కు చెదరకుండా ఉంది. ఏటి వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎదురుగా ఉంది. బావమరిది ముందుకు పరుగెత్తి మరో చెట్టు వెనక్కి తొంగిచూశాడు. ఇంకో చెట్టు, మరింకొకటి. పరుగునే తిరిగివచ్చాడు.

"బావా, అన్నీ అటువైపే. రంగు డబ్బా పట్టుకుని మనం ఎప్పుడూ అటునుంచేగా వచ్చాం. ఎదురుపడిన చెట్టుకల్లా పూసుకుంటూ పోయాను. అవతలికి వెళ్లి చూడాలని తట్టనే లేదు."

"పన్ను ఎదురుగా చూస్తే తళతళలాడుతుంది," అంది డాక్టరుగారు ఎవరినీ చూడకుండా. "అందుకే మేం అద్దం పెట్టి వెనక చూస్తాం."

అధ్యక్షులు తల అడ్డంగా ఊపారు. "గుర్తులు లేకపోయినా దారి తెలుస్తుందమ్మా. చూసే కంటికి తెలుస్తుంది."

"అయితే మీరే ముందు నడవండి. మేమెవరం మాట్లాడం."

ఆయన ముందు నడిచారు. వెనక మేం ముగ్గురం. పల్లం మొదలైన చోట రెండుగా చీలిన మాను ఒకటి ఉంది. ఆయన దాన్ని దాటి, విశాలంగా, తిన్నగా దిగుతున్న బాటలో ధీమాగా సాగిపోయారు. నేనూ ఏమీ అనుమానించలేదు. ఆకుల సందుల్లో నీటి మెరుపు కనిపించింది.

"ఆగండి!" అని అరిచింది డాక్టరుగారు.

ఆయన ఆగారు. ఎదుట పది అడుగుల్లోపే బాట తెగిపోయింది. ఒడ్డు కింది మట్టిని ఏరు కోసుకుపోగా, పైన గడ్డి మాత్రం గాలిలో వేలాడుతోంది. జూలైలో మాస్టారు పడింది అక్కడే. వంతెనకు పోయే అసలు దారి చీలిన మాను దగ్గరే, పొదల చాటున ఎడమకు తిరిగింది. ఇరవై ఏళ్లుగా ఆ మలుపును ఆయన ఎదురుగా చూశారే గాని, వెనకనుంచి చూసి ఎరుగరు.

ఆయన వెనక్కి వచ్చి ఆ మాను చుట్టూ తిరిగారు. అవతలి వైపున గుర్తు ఉంది. చేత్తో తడిమి చూశారు.

"నేను రాసిన దారిలో నేనే తప్పాను," అన్నారు. "ఆయన దారి వదల్లేదమ్మా. మేము చూపించలేదు."

డాక్టరుగారు ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుంది. బావమరిది కాస్త ఎడంగా వెళ్లి నిలబడ్డాడు.

వంతెన దాటి ఏటి వెంట గేటు వైపు నడిచాం. మధ్యాహ్నపు ఎండలో నీళ్లు నెమ్మదిగా పోతున్నాయి. మాస్టారు ఆఖరికని దాచుకున్న ఏరు అది. డాక్టరుగారు అక్కడక్కడా ఆగి చూసింది; మేమూ ఆగాం.

గేటు పక్క బల్ల మీద అధ్యక్షులు నా కాగితాన్ని అడిగి తీసుకుని, రాసినదంతా కొట్టేశారు. వెనక్కి తిప్పి, సొంత దస్తూరీతో రాశారు: "ఎటునుంచైనా నడవవచ్చునని రాసినది నేను. అడవి వైపు నుంచి నేను ఎన్నడూ నడవలేదు. అటునుంచి వచ్చేవారికి గుర్తులు కనిపించవు. మాస్టారు నా పుస్తకాన్ని నమ్మి నడిచారు."

"నా పేరు కూడా రాయి బావా," అన్నాడు బావమరిది. "ఈసారైనా ఇద్దరి పేర్లూ ఉండనీ. రేపు రంగు డబ్బా తెస్తాను. నువ్వూ రావాలి."

"వస్తాను. ఈసారి అడవి వైపు నుంచే పోదాం."

ఇద్దరూ సంతకాలు చేశారు. సాక్షిగా నేనూ చేశాను. డాక్టరుగారు కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివింది.

"మా అమ్మాయికి చదవడం వచ్చు," అంది. "దానిచేతే చదివిస్తాను."

తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచి లోపలి అరలో ఉంచి, జిప్పు వేసింది.